ముత్తవ్వకు పెట్టిన చీర

ఈ రోజు పొద్దున, పెళ్ళికొడుకు తరఫు వాళ్ళంతా కూర్చుని ఉండగా, మా మేనత్తకు మతిమరుపని చెప్పాను. అది అబద్ధమని నాకు తెలుసు. ఆ ఇంట్లో అన్నీ సరిగ్గా గుర్తున్న మనిషి ఆమె ఒక్కతేనని కూడా తెలుసు. అయినా నవ్వుతూ చెప్పాను. పుస్తకాలు రాసేవాళ్ళకు నవ్వుతూ అబద్ధం చెప్పడం బాగా చేతనవుతుంది. చూసేవాళ్ళు దాన్ని వినయం అనుకుంటారు.

మా తమ్ముడి కూతురి పెళ్ళి వచ్చే వారం. సౌకార్‌పేటలోని మా పాత ఇల్లు ఇప్పుడు సగం ఇల్లు, సగం గోదాము. కింద పూజగదీ, హాలూ తప్ప మిగతా గదుల్లో టోకు వ్యాపారుల మిరపకాయ మూటలు ఉంటాయి. మేడ మీద తమ్ముడి కాపురం. మేడ మెట్ల దగ్గర, నడవ చివర ఉన్న చిన్న గదిలో మా అత్త ఉంటుంది. నేను అణ్ణానగర్‌లో అపార్టుమెంటు కొనుక్కుని, ఆ ఇంటి మీద ప్రేమను పుస్తకాల్లో చూపిస్తూ ఉంటాను.

ఈ రోజు ఆ ఇంట్లో పేరంటాళ్ళకు పెట్టుకున్నారు. మాకొక ఆచారం ఉంది. పెళ్ళికి ముందు, ఆ ఇంట్లో పసుపు కుంకుమలతో కన్నుమూసిన ఆడవాళ్ళను పేరు పేరునా పిలుస్తారు. ఒక్కొక్కరికి ఒక కొత్త చీర పీట మీద పెట్టి మొక్కుతారు. తర్వాత ఆ చీరలను ఇంటి ఆడపిల్లలు కట్టుకుంటారు. వినడానికి చాలా అందంగా ఉంటుంది. భర్త కంటే ముందు చచ్చిపోవడమే ఆ చీరకు అర్హత. భర్త పోయాక ఇంకా బతికి, ఆ ఇంటి పిల్లలందరినీ ఎత్తి పెంచిన మనిషికి చీర లేదు, పిలుపు లేదు. బతికి ఉండటమే ఆమె చేసిన తప్పన్నమాట. ఇంత నీచమైన లెక్కకు ఇన్నేళ్ళుగా నేను కూడా పట్టుపంచె కట్టుకుని వచ్చి అక్షతలు వేస్తున్నాను.

రెండేళ్ళ కిందట నేనొక నవల అచ్చు వేయించాను. మా ముత్తవ్వ కథ. అంటే మా నాన్నకూ, ఈ అత్తకూ నాయనమ్మ. నవలలో రెండు కాలాలు నడుస్తాయి. అప్పటి సౌకార్‌పేట కోడలు ఒకవైపు, ఇప్పుడు కంప్యూటర్ కంపెనీలో పనిచేసే ఆమె వంశపు పిల్ల ఇంకోవైపు. ఇద్దరినీ కలపడానికి ఒక బంగారు గాజు. ఈ పిల్ల ఆ గాజు తొడుక్కున్నప్పుడల్లా ఆమె బాధ ఈమెకు తెలుస్తుంది. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు కంపరమెత్తుతుంది. పాతకాలపు ఆడమనిషినీ ఈ కాలపు ఆడపిల్లనూ కలిపే మనిషి ఆ ఇంటి నడవలోనే కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంటే, నేను గాజు కోసం వెతికాను. గాజు ఎదురు మాట్లాడదు కదా.

నవలకు మంచి పేరే వచ్చింది. ఉద్యోగాలు విరమించిన పెద్దమనుషులు సభల్లో లేచి నిలబడి, స్త్రీ హృదయాన్ని ఎంత లోతుగా పట్టుకున్నారండీ అన్నారు. ఆ మాట అన్నవాళ్ళలో ఒక్క ఆడమనిషి లేదు. అన్నవాళ్ళ భార్యలు ఆ సమయానికి ఇంట్లో వాళ్ళ కోసం ఉప్పు తక్కువ ఉప్మా చేస్తూ ఉండి ఉంటారు. నేను మాత్రం శాలువా కప్పుకుని, అదంతా మా ముత్తవ్వ చలవ అన్నాను.

ఆ నవల్లో మా ముత్తవ్వ ఎప్పుడూ కిటికీ దగ్గర నిలబడి ఉంటుంది. జడలో మల్లెపూలు ఉంటాయి. గడప దాటి బయటికి రాలేక ఆకాశం చూస్తుంది. చివరికి విషజ్వరం వచ్చి, వయసులో ఉండగానే, భర్త ఒడిలో తల పెట్టుకుని పోతుంది. నుదుటి మీద రూపాయంత కుంకుమ. ఆ పేజీ రాస్తూ నేను ఏడ్చాను. ఆ కన్నీళ్ళకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఎందుకంటే ముత్తవ్వ అలా పోలేదు. ముందు పోయింది ముత్తాత. ఆమె ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. గుండు చేయించుకుని, అంచు లేని తెల్లచీర కట్టుకుని, ముసలిదై, మా అత్తను పెంచి పోయింది. నాకది తెలుసు. నవల రాసేటప్పుడు అత్త దగ్గరికి వెళ్ళి, ఫోన్‌లో రికార్డు పెట్టి అడిగాను. ఆమె మొదలుపెట్టిందే అక్కడి నుంచి. ‘ఆయన పోయినాక మేము ఎన్నూరుకు, ఏటి కాడికి పోయేవాళ్ళం’ అంది. నేను ఫోన్ ఆపేశాను. గుండుతో ఉన్న నాయిక నాకు అక్కర్లేదు. అట్ట మీద బొమ్మ బాగుండదు.

ఇప్పుడు పొద్దున జరిగింది చెబుతాను.

మా మరదలు, అంటే తమ్ముడి భార్య, పీటల మీద చీరలు వరసగా సర్దింది. ఎప్పుడూ పెట్టేవాటి కంటే ఒకటి ఎక్కువ ఉంది. కుంకుమ రంగు పట్టుచీర, పెద్ద జరీ అంచు. నన్ను చూసి, తమిళం కలిసిన మా ఇంటి తెలుగులో సంబరంగా చెప్పింది.

‘బావగారూ, ఇది ముత్తవ్వకి. మీ పుస్తకం చదివినాక దా తెలిసింది. పాపం ఇంతకాలం ఆమెని మనం మరిచేపోయినాం.’

పెళ్ళికొడుకు తల్లి పక్కనే ఉంది. ఆవిడ కూడా నా పాఠకురాలే, పుస్తకం చేతిలోనే ఉంది. ‘ఆ చీర పెళ్ళికూతురే కట్టుకోవాల. రైటర్ గారి పక్కన నిలబెట్టి ఫోటో తీద్దాం’ అంది.

మా ఇంట్లో పేరంటాళ్ళు ఎవరెవరో అత్తకు నోటికి వచ్చు. కానీ ఆమెను ఎవరూ అడగరు. ఆమె కూడా భర్త పోయిన మనిషి. ఆ పూట పూజగదిలోకి రాకూడదు. నడవలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంటుంది. పక్కనున్న పెద్దావిడను అడగడం కంటే పుస్తకం చూసి చీర కొనుక్కురావడం మావాళ్ళకు తేలికైంది. ఆ తేలికను వాళ్ళకు అమర్చిపెట్టింది నేను.

పురోహితుడు ముత్తవ్వ పేరు ఎత్తగానే నడవలోంచి అత్త గొంతు వినిపించింది.

‘ఎవురికే ఆ ఎర్రచీర?’

‘ముత్తవ్వకి అత్తమ్మా’ అంది మరదలు.

‘మా అవ్వకా? ఆమె ముండమోసింది కదే! గుండు మీద ముసుగేసుకోని ఈ నడవలోనే కూర్చునేది, ఇదో, నేను కూర్చున్న చోటే. పెట్టండి, వద్దనలే. పెట్టేదుంటే ఆ మనిషికి పెట్టండి. తెలిసి పెట్టండి.’

పురోహితుడి చెయ్యి అక్షతల పళ్ళెం మీద ఆగిపోయింది. పెళ్ళికొడుకు తల్లి ముఖం మారింది. మా తమ్ముడు నావైపు చూశాడు. అందరూ నావైపే చూశారు. ముత్తవ్వ ఎప్పుడు పోయిందో తేల్చవలసిన మనిషిని నేనే అయ్యాను, పుస్తకం రాశాను కాబట్టి.

నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. నేను ఆలోచించింది ముత్తవ్వ గురించి కాదు, అత్త గురించి కాదు. పెళ్ళికొడుకు తల్లి చేతిలో ఉన్న నా పుస్తకం గురించి.

‘అత్తకు ఈ మధ్య మతిమరుపు. ఒకరి సంగతి ఇంకొకరికి అంటిస్తుంది. మీరు కానివ్వండి స్వామీ’ అన్నాను.

‘వయసైతే అంతే దా సార్’ అని పెళ్ళికొడుకు తండ్రి నవ్వాడు. ఆ నవ్వు గదంతా పాకింది. పురోహితుడు అక్షతలు వేశాడు. నేను కట్టుకథలో పుట్టించిన ఆడమనిషికి, ఆమె చావని చావుకు, ఇంటిల్లిపాదీ మొక్కారు. నేనూ మొక్కాను.

అత్త, పళ్ళెం పట్టుకుని వస్తున్న వంటమనిషికి దారి ఇవ్వడానికి కాళ్ళు ముడుచుకుంది, అంతే. ఆమె నన్ను తిట్టి ఉంటే నేను హాయిగా భోజనానికి కూర్చునేవాణ్ణి.

ఫోటో కోసం మేడ మీదికి పిలిచారు. పెళ్ళికూతురు ఆ ఎర్రచీర కట్టుకుని వచ్చింది. చేతిలో నా నవల పెట్టారు. అట్ట మీద కిటికీ, మల్లెపూలు. ఫోటోవాడు తమిళంలో కాస్త దగ్గరగా నిలబడమన్నాడు.

‘పెదనాన్నా, ముత్తవ్వ నిజంగా నా మాదిరే ఉండేదా? బుక్‌లో అట్ల దా రాసినారు’ అని ఆ పిల్ల అడిగింది. నవ్వులాటకు కాదు, నిజంగానే అడిగింది.

వినబడనట్టు ఫోటోవాడి వైపు తిరిగాను. ముత్తవ్వ ఎలా ఉండేదో నాకు ఏం తెలుసు? నేను చేసిందల్లా ఈ పిల్ల ముఖాన్ని తీసుకెళ్ళి ఆమెకు తగిలించడం. ఫోటో అయ్యాక కిందికి దిగి నడవలోకి వెళ్ళాను. అత్త అక్కడే ఉంది. ముక్కుపొడి డబ్బా మూత తీస్తూ ఉంది.

‘ఏంరా, ఫోటో అయిపోయిందా?’

‘అయింది అత్తా.’

‘నాకు మతిమరుపా రా?’

నేను నేల మీద కూర్చున్నాను. అందరూ ఉన్నారు, పెళ్ళి ముందర రభస ఎందుకని, ఇలాంటి మాటలేవో గొణిగాను. నన్ను పూర్తిగా గొణగనిచ్చి, అప్పుడు మాట్లాడింది.

‘ఆ పొద్దు ఫోన్ ఎత్తుకోని వచ్చినావు. అత్తా చెప్పు, అత్తా చెప్పు అన్నావు. చెప్పబోతే ఆపేసినావు. నాకు గుర్తుండాది. నీకు గుర్తుండాదా, లేకపోతే నీకు కూడా మతిమరుపా?’

‘గుర్తుంది.’

‘మొగుడు ఉండేదాకా ఆమెని వీధి తిన్నె దిగనీలే. పోయినాక ఎవురికీ పట్టలే, ఉందా ఊడిందా అని. అమాసకు అమాసకు నన్ను ఎంటేసుకోని రైలెక్కి ఎన్నూరుకు పోయేది. ఆడ ఏరు పోయి సముద్రంలో కలస్తాది చూడు, ఆడ నీళ్ళల్లో వెల్లకిలా పండుకోని తేలేది. నన్ను కూడా తేలించేది. అట్లని రొంబ సుకపడిందని రాసెయ్యబాక. నెలకొకసారి మంగలాయన పెరటి తలుపు దగ్గరికి వచ్చేవాడు. ఆమె కొంగు నోట్లో కుక్కోని కూర్చునేది. రాత్రికి తిండి లేదు. రెండూ చెప్పాల. నువ్వు ఒకటి కూడా చెప్పలే.’

ఎన్నూరు నేను చూశాను. నవల కోసం పరిశోధన అని కారులో వెళ్ళి, లారీల దుమ్ముకూ, అక్కడి కరెంటు కేంద్రం బూడిద వాసనకూ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, కారు దిగకుండానే తిరిగి వచ్చాను. ఆ ఏటిలో మా ముత్తవ్వ వెల్లకిలా తేలిందని నాకు తెలియదు. తెలుసుకోవడానికి కారు కూడా అవసరం లేదు. ఫోన్ ఆపకుండా ఉంటే చాలు.

‘క్షమించు అత్తా’ అన్నాను.

‘నన్ను అడిగేది ఏముండాది? నాకు మతి లేదంటే నాకేం కొదవ? ఇంక ఆమె గురించి నేను ఏం చెప్పినా ముసిల్ది వాగతా ఉండాది అంటారు. ఆమెని కళ్ళతో చూసినదాన్ని నేను ఒకదాన్నే మిగిలినాను. నేను కూడా పోతే, నువ్వు రాసిందే ఉంటాది. ఆ మల్లెపూల మనిషి ఉంటాది. మా అవ్వ ఉండదు.’

ముక్కుపొడి పీల్చి, పెద్దగా తుమ్మి, కొంగుతో ముక్కు తుడుచుకుంది. ‘పో, నీకు ఆకేస్తారు, పో’ అంది.

నేను హాల్లోకి వెళ్ళాను. మొదటి పంక్తికి అరిటాకులు వేస్తున్నారు. ఆ పంక్తి ముత్తయిదువలకు. అత్తలాంటి వాళ్ళకు చివరి పంక్తి, ఆకలి ఆగినా ఆగకపోయినా. నేను ఆకుల మధ్య నిలబడి చెప్పేశాను. వేదికల మీద నిండుగా పలికే నా గొంతు అప్పుడు పలకలేదు. రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.

‘అత్తకు మతిమరుపు లేదు. పొద్దున నేను అబద్ధం చెప్పాను. ముత్తవ్వ భర్త పోయాక చాలా ఏళ్ళు బతికింది. అత్త చెప్పిందే నిజం.’

‘ఇప్పుడెందుకన్నా ఈ గొడవ?’ అన్నాడు తమ్ముడు పళ్ళ బిగువున.

‘మరి పుస్తకంలో అట్ల లేదే?’ అంది పెళ్ళికొడుకు తల్లి.

‘పుస్తకంలోనూ అబద్ధమే రాశానమ్మా. తెలిసే రాశాను.’

ఆవిడ నావైపు చూసిన చూపును నేను చాలాకాలం మరిచిపోలేను. నమ్మి కొనుక్కుని, చదివి ఏడ్చిన మనిషి చూపు అది. మరదలికి మాత్రం పుస్తకంతో పని లేదు. ‘అయ్యో, ఆ చీర పిల్ల ఒంటిమీద ఉండాది!’ అని గుండె మీద చెయ్యి వేసుకుని లోపలికి పరుగెత్తింది. ఇంత చదువూ, ఇన్ని కంప్యూటర్లూ, మేడ మీద ఏసీ గదులూ ఉన్న ఇల్లు ఒక్క మాటకు గడగడా వణికిపోయింది. ఏదో శాంతి చేయించాలని పురోహితుడు మెల్లగా మొదలుపెట్టాడు. పెళ్ళికొడుకు తండ్రి పొద్దుటి నవ్వే మళ్ళీ నవ్వబోయి, దేనికి నవ్వాలో తెలియక ఊరుకున్నాడు.

కాసేపటికి పెళ్ళికూతురు వేరే చీరలో వచ్చింది. ఎర్రచీర మడత పెట్టి చేతి మీద వేసుకుని ఉంది. నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి మాట్లాడింది.

‘నాకు భయం లేదు పెదనాన్నా. అమ్మ దా ఏడస్తా ఉండాది. ఇది మీరే ఎత్తుకోండి. ఆమెకి గుండు చేసేసినారా, నిజంగానే?’

‘నిజంగానే.’

‘బుక్‌లో ఎందుకు రాయలే?’

‘అందంగా ఉండదని.’

ఆ పిల్ల చీర నా చేతిలో పెట్టి తల్లి దగ్గరికి వెళ్ళింది. ఆ వెళ్ళడంలో నాకు దక్కవలసినది అంతా ఉంది.

నేను మొదటి పంక్తి చివర ఇంకో రెండు ఆకులు వేయమన్నాను. వడ్డించేవాడు తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు తల తిప్పుకున్నాడు. నేనే వేశాను. ఒక ఆకు ముందు పీట వాల్చి, ఎర్రచీర పెట్టాను. నడవలోకి వెళ్ళి అత్తను లేవదీశాను.

‘ఎక్కడికి రా?’

‘అన్నానికి.’

‘నా పంక్తి ఇది కాదే.’

‘ఇదే.’

ఆమె వచ్చి కూర్చుంది. పక్క ఆకు ముందున్న చీరను కాసేపు చూసింది.

‘ఈ రంగు చూసుంటే నవ్వి చచ్చేది మా అవ్వ’ అంది.

ఆ పక్కన కూర్చున్నావిడ లేచి, తన ఆకు తీసుకుని అటువైపు వరసకు వెళ్ళిపోయింది. మా దగ్గర చుట్టమే. అనవలసిన మాట నా నోటిదాకా వచ్చింది. పొద్దున నేను చేసినదాని కంటే ఆవిడ చేసింది పెద్దదేమీ కాదని ఊరుకున్నాను. ఖాళీ అయిన ఆ చోట, పెళ్ళికొడుకు తరఫు ముసలావిడ ఒకామె, బోసి నుదురుతో, గోడ పట్టుకుంటూ వచ్చి కూర్చుంది.

‘నాకు కూడా ఒక ఆకెయ్యి నాయనా. షుగరు, ఆకలికి ఓర్చుకోలేను’ అంది.

ఆమెకూ ఒక ఆకు వేశాను. వడ్డన నా చేతికి అలవాటు లేదు. ఇంతకాలం ఎవరో వడ్డిస్తే తిని, వడ్డించే చేతుల గురించి రాశాను. పప్పు గిన్నె ఎత్తి అత్త ఆకులో ఒక గరిటె వేశాను. ఆమె తలెత్తి చూసింది.

‘ఉప్పెయ్యకుండానే పప్పు వేస్తావేంరా? ఆడవాళ్ళ మీద పుస్తకం రాసినాడంట. ఆకులో మొదట ఏం పడతాదో తెలీదు.’

పక్కనున్న ముసలావిడ నోరంతా తెరిచి నవ్వింది. నేను వెళ్ళి ఉప్పు తెచ్చాను. ముగ్గురికీ వేశాను, చీర పెట్టిన ఆకుకు కూడా.

‘ఆ పుస్తకం ఏం చేస్తావు?’ అంది అత్త, అన్నం కలుపుకుంటూ.

‘మళ్ళీ అచ్చుకు వెళ్ళబోతోంది. ఆపించేస్తా. మార్చి రాస్తా.’

‘మార్చేదానికి నీకేం తెలుసు?’

‘నువ్వు చెప్పు.’

‘తిన్నాక.’

అత్త తింటూ ఉండగానే నేను మెట్ల దగ్గరికి వెళ్ళి ప్రచురణకర్తకు ఫోన్ చేసి, రెండో ముద్రణ ఆపమన్నాను. అట్ట సిద్ధమైందే అని అతను వాపోయాడు. ఆ అట్ట కూడా వద్దన్నాను. చివరి అధ్యాయం మొత్తం అబద్ధమని చెబితే, ‘నవలే కదండీ’ అన్నాడు. ఆ మాట చాటున ఇన్నాళ్ళూ నేనే దాక్కున్నాను కాబట్టి అతనితో వాదించలేదు. ఆపమని మాత్రం మళ్ళీ చెప్పి పెట్టేశాను.

భోజనాలయ్యాక అత్త నడవలో తన చోటికి వెళ్ళి కూర్చుంది. ఎర్రచీరను ఎవరూ ముట్టుకోకపోతే తనే తెచ్చుకుని, మడిచి, నడుముకూ గోడకూ మధ్య పెట్టుకుంది. నేను ఫోన్ మరదలి చేతికి ఇచ్చేసి వచ్చి, ఎదురుగా నేల మీద కూర్చున్నాను. అత్త పెరటి తలుపు దగ్గర మొదలుపెట్టింది. మంగలాయన ఎలా ఉండేవాడో, కత్తి ఏ రాతి మీద నూరేవాడో, తల తడపడానికి నీళ్ళు ఎవరు తెచ్చి పెట్టేవాళ్ళో చెప్పింది. నీళ్ళు తెచ్చేది తనేనట, చిన్నపిల్లగా ఉన్నప్పుడు. వింటూ ఉండగానే నా మనసు ఎన్నూరు కోసం, ఆ నీళ్ళ కోసం ఎదురు చూడసాగింది. సిగ్గులేని మనసు. ఇంత జరిగాక కూడా దానికి బాగుండే చోటే కావాలి. అత్త అది కనిపెట్టింది.

‘ఎన్నూరు వస్తాది. తొందరపడబాక. ముందు ఇది విను’ అంది.

తొందరపడలేదు. పైన సన్నాయి రికార్డు పెట్టారు, వీధిలో మూటలు దించుతున్న వాళ్ళు అరుచుకుంటున్నారు. అత్త గొంతు పెంచలేదు. వినబడనప్పుడల్లా నేనే కొంచెం ముందుకు జరిగి కూర్చున్నాను.